‘మేం చూడం’ అన్న షోలే ఎందుకు ఆడతాయి?

తెలుగు ఇళ్ళల్లో ఈటీవీ కామెడీ షో జబర్దస్త్ చూసేవాళ్ళు ఒక్కరూ లేరు. కావాలంటే అడిగి చూడండి. ‘అబ్బే, మేం చూడమండీ, అంతా బూతు’ అంటారు. లేదంటే ‘మా అత్తగారు పెడితే పని చేసుకుంటూ అటూ ఇటూ చూస్తా, అంతే’ అంటారు. కాస్త మొహమాటం తక్కువున్నవాళ్ళైతే ‘మొదట్లో చూసేవాళ్ళం, ఇప్పుడు చెత్తయిపోయింది’ అంటారు. ఇలా ఎవరూ చూడని ఈ షో 2013 ఫిబ్రవరిలో మొదలై పదేళ్ళు దాటినా ఆగలేదు, మధ్యలో ఎక్స్‌ట్రా జబర్దస్త్ పేరుతో ఇంకో రోజుకి కూడా పాకింది, యాంకర్లని సినిమా పోస్టర్ల మీదకి ఎక్కించింది, అందులో టీం లీడర్‌గా స్కిట్లు వేసుకున్న వేణు 2023లో ‘బలగం’ తీసి ఊరూరా జనాన్ని ఏడిపించాడు. మరి ఇదంతా ఎవరు చూస్తే జరిగినట్టు?

చూడం అన్నవాళ్ళే చూశారు. వాళ్ళు అబద్ధాలాడుతున్నారని కాదు. ఏ షో బాగుంటుందని ఎవరైనా అడిగితే మనం చెప్పేది మన అభిరుచి గురించి, ఇంకాస్త నిజం చెప్పుకోవాలంటే నలుగురిలో మన అభిరుచి ఎలా ఉన్నట్టు కనపడాలో దాని గురించి. రాత్రి తొమ్మిదిన్నరకి ఒళ్ళు అలిసి, కంచంలో ఇంత అన్నం పెట్టుకుని టీవీ ముందు కూలబడ్డప్పుడు ఈ అభిరుచి పెద్దగా పనిచేయదు. అప్పుడు పనిచేసేవి వేరే ఉన్నాయి. ఇప్పటికే ఏ ఛానెల్ పెట్టి ఉంది, రిమోట్ ఎవరి చేతిలో ఉంది, ముందూ వెనకా తెలియకపోయినా అర్థమవుతుందా, తెర మీద తెలిసిన మొహం ఏదైనా కనిపిస్తోందా, ఇవీ అసలు లెక్కలు. కామెడీ షోల మీద మన చర్చంతా ‘నవ్వొచ్చిందా, రాలేదా’ దగ్గరే గిరగిరా తిరుగుతుంది కానీ, నాకు తోచినంతవరకు టీవీలో కామెడీ గెలిచేది నవ్వించడంలో ఫస్టు రావడం వల్ల కాదు, వారం వారం పెట్టుకోవడానికి ఎవరికీ అడ్డం లేకపోవడం వల్ల. వీధి చివర టీకొట్టు ఊళ్ళో కెల్లా మంచి టీ పెట్టడం వల్ల నడుస్తోందా ఏంటి?

మొదట టైం సంగతి చూద్దాం, ఎందుకంటే ప్రేక్షకుల అభిప్రాయాల్లో ఎప్పుడూ రానిదీ, ఛానెల్ ఆఫీసుల్లో ఎప్పుడూ వదలనిదీ అదే. ఈటీవీలో రాత్రి తొమ్మిదింటి వార్తలు చాలా ఇళ్ళకి ఏళ్ళ నాటి అలవాటు. ఇరవై నాలుగ్గంటల న్యూస్ ఛానెళ్ళు డజన్ల లెక్కన వచ్చిపడినా, ఆ అరగంట బులెటిన్ చూస్తే తప్ప ఆరోజు వార్తలు చూసినట్టు కాదనుకునే పెద్దవాళ్ళు ప్రతి ఇంట్లో ఒకరు ఉండేవాళ్ళు. గురువారం ఆ వార్తలు అవగానే తొమ్మిదిన్నరకి జబర్దస్త్. ఒక్కసారి ఆ అరక్షణం గుర్తు తెచ్చుకోండి. వాతావరణం చెప్పడం అయిపోయింది. ఇంటి పెద్దాయన కళ్ళజోడు తీసి, మందు బిళ్ళ వేసుకోవడానికి లేచాడు. రిమోట్ దివాన్ మీద ఉంది. వంటింట్లో గిన్నెలు సర్దడం అయిపోయి ఇంటావిడ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. ఈలోగా గోలగోలగా టైటిల్ మ్యూజిక్, డాన్సు వేస్తూ యాంకర్. పుస్తకం ముందు కునికిపాట్లు పడుతున్న పిల్లాడు లేచి కూర్చున్నాడు. ఛానెల్ మార్చాలని ఎవరూ అనుకోలేదు, జబర్దస్త్ చూద్దామని కూడా ఎవరూ అనుకోలేదు. ‘ఒక్క స్కిట్టు చూసి పడుకుందాం’ అని మాత్రం ఎవరో అన్నారు.

ఆ ఒక్క మాట మీద ఒక దశాబ్దం నడిచింది.

ఇది మన దగ్గరే ఉన్న విచిత్రం కాదు. టీవీ కామెడీని పరిశ్రమలా నడిపిన అమెరికాలో 1982 సెప్టెంబర్‌లో ఎన్‌బీసీ ఛానెల్ ‘చీర్స్’ అనే సిట్‌కామ్ (అవే పాత్రలతో వారం వారం వచ్చే కామెడీ సీరియల్) మొదలుపెడితే, ఆ వారం రేటింగుల్లో అది దాదాపు అట్టడుగున ఉంది. ఛానెల్ దగ్గర అప్పటికి దాని బదులు వేయడానికి పెద్దగా ఏమీ లేవు, పైగా పెద్దలకి షో నచ్చింది, అందుకని ఉంచారు. గురువారం రాత్రి అలా ఉంచగా ఉంచగా అది పదకొండు సీజన్లు నడిచి, దేశంలో నంబర్ వన్ కూడా అయింది. అంతకంటే తమాషా ‘సైన్‌ఫెల్డ్’ది. 1989లో దాని పైలట్ ఎపిసోడ్‌ని, అంటే మచ్చుకి తీసిన మొదటి ఎపిసోడ్‌ని, కొంతమంది మామూలు ప్రేక్షకులకి చూపించి అభిప్రాయాలు అడిగితే బాగాలేదన్నారు. ‘బలహీనం’ అని రిపోర్టు వచ్చింది. ఛానెల్ భయపడి కేవలం నాలుగే ఎపిసోడ్లు ఆర్డర్ ఇచ్చింది, దానికి డబ్బు కూడా కామెడీ విభాగం పెట్టలేదు, స్పెషల్ ప్రోగ్రాములు చూసే విభాగంలోని ఒక అధికారి తన బడ్జెట్లోంచి సర్దాడు. తర్వాత కొన్నేళ్ళు ఆ షో ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. 1993లో దాన్ని తీసుకెళ్ళి గురువారం ‘చీర్స్’ వెనక పెట్టారు. అంతే, అప్పటినుంచి దానికి తిరుగులేదు. షో మారలేదు, నటులు మారలేదు, ముందు వచ్చే ప్రోగ్రాం మారింది. అక్కడా గురువారం, ఇక్కడా గురువారం, అది మాత్రం కాకతాళీయమే లెండి.

అయితే టైం ఒక్కటే అన్నీ చేస్తుందనడం కూడా తప్పు. తొమ్మిదిన్నరకి ఏది పెట్టినా ఆడేస్తే ఛానెళ్ళకి ఇన్ని తిప్పలెందుకు? టైం జనాన్ని తెచ్చి కూర్చోబెడుతుంది, లేవకుండా ఉంచడం షో పని. ఇక్కడ జబర్దస్త్ తయారుచేసినవాళ్ళ తెలివి చాలామంది గమనించరు. నిర్మాత మల్లెమాల వాళ్ళది సినిమా అనుభవం, కానీ ఈ షోకి వేసిన లెక్క పూర్తిగా టీవీ లెక్క. ఒకే సెట్టు. ఔట్‌డోర్ లేదు. కథ వచ్చే వారానికి సాగదు. ఒక్కో స్కిట్టు పది నిమిషాలు అటూ ఇటూగా. మధ్యలో ఫోనొచ్చి లేచి వెళ్ళినా పోయేదేం లేదు, తిరిగొచ్చేసరికి ఇంకో టీం వచ్చి ఉంటుంది. సీరియల్ అలా కాదు, రెండ్రోజులు చూడకపోతే ఎవరు ఎవరికి విషం కలిపారో తెలియక పక్కింటావిడని అడగాలి. కామెడీ స్కిట్టు అందుకు పూర్తిగా వ్యతిరేకం, మూడు నెలలు చూడకపోయినా క్షణంలో లోపలికి వెళ్ళిపోవచ్చు, ఎందుకంటే లోపల మొగుడూ పెళ్ళాం గొడవ పడుతూనే ఉంటారు.

ఇక అసలు కీలకం నా దృష్టిలో జడ్జిల కుర్చీలు. నాగబాబు, రోజా ఆ కుర్చీల్లో కూర్చుని మార్కులేసేవాళ్ళు, గెలిచిన టీంకి చెక్కు ఇచ్చేవాళ్ళు. ఆ మార్కులు ఎవరికీ గుర్తుండవు. గుర్తుండేది నాగబాబు నవ్వు. స్కిట్టులో పంచ్ పడుతుంది, వెంటనే కెమెరా ఇటు తిరుగుతుంది, ఆయన పగలబడి నవ్వుతుంటాడు, రోజా కుర్చీలో వెనక్కి వాలిపోయి నవ్వుతుంది, యాంకర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. మళ్ళీ స్కిట్టు. మళ్ళీ పంచ్. మళ్ళీ ఆ నవ్వు. ‘ఏముందని ఆయన అంతలా నవ్వుతాడు?’ అని తిట్టుకోని ప్రేక్షకుడు లేడు. తిట్టుకుంటూనే నవ్వాడు. 1950ల్లో చార్లీ డగ్లస్ అనే సౌండ్ ఇంజినీరు ముందే రికార్డు చేసిన నవ్వుల్ని మీటలు నొక్కి వినిపించే పెట్టె ఒకటి తయారుచేశాడు, అమెరికా సిట్‌కామ్‌లు దాని మీద కొన్ని దశాబ్దాలు బతికాయి. మనవాళ్ళు ఆ పెట్టెకి మొహం పెట్టారు. ఎవరో తెలియని జనం గొంతుకంటే, చిరంజీవి తమ్ముడు నవ్వుతుంటే పక్కన కూర్చుని నవ్వినట్టుంటుంది. నవ్వు అంటువ్యాధి అని తెలిసినవాళ్ళెవరో వేసిన ఎత్తు అది. ప్రేక్షకుడు అభిప్రాయం చెప్పేటప్పుడు ‘కంటెంట్’ గురించి మాట్లాడతాడు, ఈ కటింగ్ గురించి ఎవరూ మాట్లాడరు. ఎడిటింగ్ టేబుల్ దగ్గర మాత్రం దీన్నే పట్టుకుని కూర్చుంటారు.

అలాగైతే నాగబాబు వల్లే ఆడిందా? చాలామంది ఆ మాటే అన్నారు. అదృష్టవశాత్తూ దీనికి పరీక్ష కూడా జరిగిపోయింది. 2019లో ఆయన జబర్దస్త్ వదిలేసి జీ తెలుగుకి వెళ్ళి ‘అదిరింది’లో కూర్చున్నాడు. ఒట్టి చేతుల్తో కాదు, చమ్మక్ చంద్ర, వేణు, ధనరాజ్ లాంటి పాత టీం లీడర్లు కూడా అక్కడ కనిపించారు. అదే నవ్వు, అవే మొహాలు, ఆ తరహా స్కిట్లే. ‘ఇక జబర్దస్త్ పని అయిపోయింది’ అని తీర్పులు కూడా వచ్చేశాయి. కానీ ‘అదిరింది’ ఎక్కువ కాలం నిలబడలేదు, జబర్దస్త్ నిలబడింది. మధ్యలో కరోనా లాక్‌డౌన్ వచ్చి షూటింగులన్నీ ఆగాయి కాబట్టి కొత్త షోకి అన్యాయం జరిగిందని వాదించొచ్చు, ఆ వాదనలో కొంత నిజం ఉంది కూడా. అయినా లాక్‌డౌన్ రెండు షోలకీ వచ్చింది కదా. పాతదానికి జనం తిరిగి వచ్చారు, ఎందుకంటే గురువారం, శుక్రవారం రాత్రి అక్కడ ఏముంటుందో వాళ్ళకి ముందే తెలుసు. మనుషుల్ని తీసుకెళ్ళగలిగారు కానీ వాళ్ళ చుట్టూ ఆరేడేళ్ళలో పేరుకున్న అలవాటుని తీసుకెళ్ళలేకపోయారు.

ఇదే సంగతి పాత కామెడీ సీరియల్ అమృతం విషయంలో ఇంకో వైపు నుంచి కనిపిస్తుంది. అమృతం గురించి మాత్రం ‘మేం చూడం’ అనేవాళ్ళుండరు, అందరూ చూశామనే అంటారు. అందులో అంజి వేషం వేసిన గుండు హనుమంతరావు పోయిన 2018లో ఆ క్లిప్పులు మళ్ళీ ఇంటింటా తిరిగాయి. గుణ్ణం గంగరాజు తీయించిన ఆ సీరియల్ జెమినిలో 2001 నుంచి 2007 దాకా ఆరేళ్ళపాటు వచ్చింది, 300 ఎపిసోడ్లు దాటింది. ఇప్పుడు ఆలోచిస్తే నాకు ఆశ్చర్యంగా అనిపించేది ఏంటంటే, అందులో హీరోనే మారిపోతూ వచ్చాడు. శివాజీరాజా అమృతరావు అయ్యాడు, నరేష్ అయ్యాడు, హర్షవర్ధన్ అయ్యాడు. టైటిల్ పాత్రని ఇన్నిసార్లు మార్చితే ఏ షో అయినా మూతపడాలి, ఇవాళ ఎవరినడిగినా అదే చెప్తారు. అది మూతపడలేదు. ఎందుకంటే మారనివి ఉన్నాయి. అంజి మారలేదు. అప్పాజీ మారలేదు. సర్వం మారలేదు. కల్యాణి మాలిక్ కట్టిన ఆ టైటిల్ సాంగ్ మారలేదు. ఇద్దరు స్నేహితులు డబ్బు సంపాదించడానికి ఏదో కొత్త తెలివి ఉపయోగించడం, అది ఎపిసోడ్ చివరికి నెత్తి మీదకి రావడం, ఈ చట్రం అసలు మారలేదు. చూసేవాడికి కావలసింది ఆ చట్రం. దాంట్లో అమృతరావు మొహం మారితే రెండు వారాలు గొణిగారు, మూడో వారం నుంచి మామూలే.

పైగా అవే పాత్రలు, అదే గోల, 2014లో ‘చందమామలో అమృతం’ అని సినిమాగా తీస్తే ఆడలేదు. 2020 ఉగాదికి ‘అమృతం ద్వితీయం’ అని జీ5లో కొత్తగా మొదలుపెడితే పాతదానికున్న పేరు రాలేదు. ఎల్బీ శ్రీరామ్ అంజి పాత్ర వేశాడు, ఆయనకి కామెడీ రాదని ఎవరంటారు? లోపం ఆయనది కాదు. ఆదివారం రాత్రి అన్నాలు తింటూ ఇంటిల్లిపాదీ ఊరికే చూసేదాన్ని, టికెట్ కొని రెండు గంటలు చీకట్లో కూర్చుని చూడమంటే అది వేరే వస్తువైపోతుంది. యాప్‌లో వెతుక్కుని ఒక్కడే చెవిలో పెట్టుకుని చూసినా అంతే. అంజి మాటకి మొదట నాన్న నవ్వాలి, నాన్న నవ్వాడని పిల్లలు నవ్వాలి.

హిందీలో దీనికి ఇంకా ఘాటైన జంట ఉంది. ‘సారాభాయ్ వర్సెస్ సారాభాయ్’ 2004లో స్టార్ వన్‌లో వచ్చింది. ఇవాళ మంచి టీవీ కామెడీ పేరు చెప్పమంటే చదువుకున్నవాళ్ళందరి నోటా మొదట వచ్చే పేరు అదే. వచ్చినప్పుడు మాత్రం రేటింగులు లేవు, రెండేళ్ళలోపే ఆగిపోయింది. 2008 జులైలో సబ్ టీవీలో ‘తారక్ మెహతా కా ఉల్టా చష్మా’ మొదలైంది. దాని గురించి ఎవరూ గొప్పగా చెప్పరు. దయాబెన్ పాత్ర వేసిన దిశా వకాని 2017లో మానేసినప్పుడు షో చచ్చిపోయిందన్నారు, 2022లో తారక్ మెహతా పాత్రధారి శైలేష్ లోధా వెళ్ళిపోయినప్పుడు మళ్ళీ చచ్చిపోయిందన్నారు. నాలుగు వేల ఎపిసోడ్లు దాటింది. తెలుగులోకి డబ్ చేసి ఈటీవీ ప్లస్‌లో వేస్తే మన పిల్లలు కూడా చూశారు. నాకు వ్యక్తిగతంగా సారాభాయ్ కాలి గోటికి కూడా తారక్ మెహతా సరిపోదు. కానీ తారక్ మెహతా ఎందుకు ఆడిందో చెప్పడానికి నా ఇష్టం ఏ మాత్రం పనికిరాదు. సారాభాయ్‌లో జోకు అర్థం కావాలంటే ముంబై డబ్బున్నవాళ్ళ ఇంగ్లీషు తళుకులు తెలియాలి, కోడలి మీద అత్త వేసే వ్యంగ్యం చెవి ఒగ్గి వినాలి. తారక్ మెహతా కథ నడిచే గోకుల్‌ధామ్ సొసైటీలో జోకు పప్పు కుక్కరు కూస్తుండగా కూడా వినపడుతుంది.

ఇక్కడ టీఆర్పీ గురించి, అంటే ఏ షోని ఎంతమంది చూశారో చెప్పే రేటింగు గురించి, ఒక మాట చెప్పాలి. మన దేశంలో ఇప్పుడు బార్క్ అనే సంస్థ రేటింగులు లెక్కపెడుతోంది. కొన్ని వేల ఇళ్ళల్లో టీవీలకి మీటర్లు పెడతారు, ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో బటన్ ఉంటుంది, టీవీ ముందుకి వచ్చినవాళ్ళు తమ బటన్ నొక్కాలి. వారం వారం లెక్కలు బయటికొస్తాయి, ఆంధ్ర, తెలంగాణ రెండూ కలిపి ఒకే మార్కెట్ కింద లెక్క. గమనించారా, ఆ మీటర్ ఎక్కడా ‘మీకు నచ్చిందా?’ అని అడగదు. టీవీ ముందు ఉన్నారా లేదా అంతే. తిట్టుకుంటూ చూసినా, కునికిపాట్లు పడుతూ చూసినా, ముసలమ్మ కోసం పెట్టి మనం ఫోన్ చూసుకుంటున్నా అది చూసినట్టే లెక్క. మనం నెట్‌లో రాసే పొడుగాటి విమర్శలు ఆ మీటర్‌కి వినపడవు. అందుకే ‘జనం ఛీ కొడుతున్నా ఛానెల్‌కి బుద్ధి రాదా’ అనే ప్రశ్నకి సమాధానం చాలా సింపుల్: వాళ్ళ దగ్గరున్న కాగితం మీద జనం ఛీ కొట్టినట్టు లేదు. ఈ పద్ధతిలో లోపాలు లేవని కాదు, 2020లో ముంబై పోలీసులు రేటింగుల గోల్‌మాల్ మీద కేసే పెట్టారు. అయినా ప్రకటనల డబ్బు ఇవాళ్టికీ ఆ కాగితాన్నే నమ్ముకుని తిరుగుతోంది.

మరి బూతు మాటేంటి? దాన్ని దాటేసి వెళ్ళడం న్యాయం కాదు. జబర్దస్త్ మీద వచ్చిన విమర్శ చాలావరకు నిజమే. డబుల్ మీనింగులు, పెళ్ళాన్ని తిట్టడమే జోకు అనుకోవడం, ఆడవేషం వేసిన మగాడి శరీరం మీద వెకిలి వేళాకోళం, నల్లగా ఉన్నవాడి రంగు మీద, లావుగా ఉన్నవాడి ఒళ్ళు మీద పంచ్‌లు, ఇవన్నీ ఉన్నాయి, అందులో ఎక్కువ భాగం రాయడానికి బద్ధకించి వాడుకున్న సరుకే. కానీ ‘బూతు వల్లే ఆడింది’ అన్నప్పుడు నేను ఒప్పుకోను. బూతే సూత్రమైతే దాన్ని చూసి ఇతర ఛానెళ్ళు వేసినవన్నీ కూడా ఆడాలి కదా, అక్కడ తక్కువేం లేదు. పైగా షో మొదటి నుంచీ రాకెట్ రాఘవ ఇంటిల్లిపాదీ చూడదగ్గ స్కిట్లు వేస్తూనే ఉన్నాడు, ‘ఈయనొక్కడే ఫ్యామిలీతో చూసేలా చేస్తాడు’ అని అందరూ మెచ్చుకుంటూనే ఉన్నారు, ఆ మెచ్చుకున్నవాళ్ళే యూట్యూబ్‌లో హైపర్ ఆది స్కిట్టు ముందు తెరుస్తారు. ఆది దగ్గర ఉన్నది బూతొక్కటే కాదు, స్పీడు. ఒక పంచ్ తేలిపోయిందని మనం అనుకునేలోపు ఇంకో రెండు వచ్చి పడతాయి, మూడింటిలో ఒకటి పేలినా చాలు. ఆ వారం రాజకీయం, ఆ వారం సినిమా, సోషల్ మీడియాలో ఆ వారం నడిచిన రచ్చ అన్నీ అందులో ఉంటాయి. డబుల్ మీనింగ్‌కి కూడా ఇంట్లో ఒక ఒప్పందం ఉంది: పిల్లలకి అర్థం కాలేదని పెద్దవాళ్ళు అనుకుంటారు, అర్థమైనా కానట్టు పిల్లలు కూర్చుంటారు, మామగారు గొంతు సవరించుకుంటారు, ఎవరూ ఎవరి మొహమూ చూడరు. ఆ మొహమాటమే తర్వాత ‘మేం చూడం’ అనే మాటగా బయటికొస్తుంది.

ఇంతకంటే పెద్ద బలం ఇంకొకటుంది, దాని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. జబర్దస్త్ తన మనుషుల్ని తనే తయారుచేసుకుంది. సుధీర్ మొదట వేణు టీంలో వెనక నిలబడ్డవాడే. ఆది అదిరే అభి టీంలో రాస్తూ, చిన్నచిన్న వేషాలు వేస్తూ వచ్చినవాడే. టీంలో వెనకున్నవాడికి రెండు జోకులు పేలితే నాలుగు వారాలకి ఇంకో మాట పెరుగుతుంది, ఏడాదికి సొంత టీం వస్తుంది. చూసేవాడికి ఇది భలే ఆసక్తి, మన కళ్ళ ముందే పెరిగాడని ఒక హక్కు లాంటిది పుడుతుంది. సుధీర్, గెటప్ శ్రీను, ఆటో రాంప్రసాద్ ముగ్గురూ కలిసి తెర మీద కనిపిస్తే జోకు పేలకపోయినా చూస్తారు, ఎందుకంటే వాళ్ళ స్నేహం చూడటానికే కూర్చున్నారు. సుధీర్, యాంకర్ రష్మి మధ్య నడిపిన ప్రేమ ట్రాక్ అయితే స్కిట్టు కామెడీలో సీరియల్ మసాలా కలపడమే. కథ సాగని షోలో సాగే కథ అదొక్కటే. అది అబద్ధమని తెలిసీ జనం ఏళ్ళ తరబడి పెళ్ళెప్పుడని అడిగారు.

పడిపోవడం కూడా ఇక్కడి నుంచే మొదలైంది. షకలక శంకర్ సినిమాలకి పోయాడు, సుధీర్ హీరో అయ్యాడు, ఆది సినిమాల్లో, వేరే షోల్లో బిజీ అయ్యాడు, రోజా 2022లో మంత్రి అయి వెళ్ళిపోయారు, అదే ఏడాది యాంకర్ అనసూయ మానేసింది. ఒకరు పోతే పర్వాలేదు, అమృతంలో చూశాం కదా. పోయినవాళ్ళ వెనక నిలబడి పెరుగుతున్నవాడు లేనప్పుడే కష్టం. అదే సమయంలో యూట్యూబ్ ఇంకో పని చేసింది. ఛానెల్ వాళ్ళే స్కిట్లని టీంల వారీగా ముక్కలు చేసి పెట్టారు. మొదట్లో అది పెద్ద లాభం, డల్లాస్‌లో ఉన్న తెలుగువాడు శనివారం పొద్దున కాఫీ తాగుతూ చూసేవాడు, దుబాయ్‌లో డ్యూటీ అయి రూంకి వచ్చినవాడు చూసేవాడు. వ్యూస్ లక్షలు దాటి కోట్లలోకి వెళ్ళాయి. కానీ తనకి కావలసిన ముక్క తెల్లారేసరికి ఫోన్‌లో ఉంటుందని తెలిశాక, మిగతా నాలుగు టీంలని భరిస్తూ రాత్రి పదిన్నర దాకా ఎవడు కూర్చుంటాడు? కామెంట్లలో ఇంకా ముదిరిపోయారు, ‘అసలు పంచ్ ఇన్నో నిమిషం దగ్గర’ అని టైం రాసిపెట్టే పుణ్యాత్ములు ఉంటారు. స్కిట్టు మొత్తం చూసే ఓపిక కూడా పోయింది. 2024లో ఎక్స్‌ట్రా జబర్దస్త్‌ని తీసేసి మళ్ళీ ఒక్క జబర్దస్త్‌గా కలిపేశారు.

ఈ మొత్తం కాలంలో మామూలు ప్రేక్షకుడి అభిప్రాయానికి విలువే లేదా అంటే, ఉంది. కారణాలు చెప్పడంలో మనవాళ్ళు తేలిపోతారు కానీ లక్షణాలు పట్టుకోవడంలో దిట్టలు. ‘ఈమధ్య వాళ్ళకే నవ్వు రావట్లేదు’ అని ఒక పెద్దావిడ అంటే, ఏ రేటింగు కాగితం కంటే అది ముందస్తు కబురు. ‘జడ్జిలు ముందే నవ్వేస్తున్నారు’ అన్నా అంతే. ‘స్కిట్టులో స్కిట్టు గురించే మాట్లాడుకుంటున్నారు’ అనే ఫిర్యాదు నాకు అన్నిటికంటే నిఖార్సైనదిగా అనిపిస్తుంది, మొగుడూ పెళ్ళాం గొడవలు అయిపోయి, ఒకరి రెమ్యునరేషన్ మీద, ఒకరి సినిమా ఫ్లాప్ మీద ఇంకొకరు జోకులేసుకోవడం మొదలయ్యాక బయటివాడికి అందులో చోటు లేదు. ఈ మాటలన్నీ నిజమే. ‘కాబట్టి నీతిగా తీయండి, ఆడుతుంది’ అనే చివరి సలహా దగ్గరే దారి తప్పుతుంది. నీతిగా తీసినవీ పోయాయి, అవినీతిగా తీసినవీ పోయాయి.

‘ఒకప్పుడు బాగుండేది’ అనే మాటని మాత్రం ఎప్పుడూ అనుమానంగానే చూడాలి. దూరదర్శన్‌లో ధర్మవరపు సుబ్రహ్మణ్యం ‘ఆనందో బ్రహ్మ’ చేసిన రోజులు చూసినవాళ్ళు అమృతం వచ్చినప్పుడు పెదవి విరిచారు, అమృతంతో పెరిగినవాళ్ళు జబర్దస్త్ చూసి పెదవి విరిచారు, ఇవాళ ఇరవై ఏళ్ళ కుర్రాడు 2015 నాటి స్కిట్టు కింద ‘అప్పటి జబర్దస్తే వేరు’ అని రాస్తున్నాడు. అప్పుడు వాడికి పదేళ్ళు, అమ్మ పక్కన కూర్చుని చూశాడు.

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే కోరిక అమృతం లాంటిది మళ్ళీ ఎందుకు తీయరని. తీయలేకపోవడానికి హాస్యం తెలిసినవాళ్ళు కరువై కాదు. వారానికి అరగంట, ప్రతివారం కొత్త కథ, నవ్వు చివరి దాకా నిలబెట్టే స్క్రిప్టు రాయాలంటే కనీసం ముగ్గురు నలుగురు రచయితలు ఒక గదిలో నెలల తరబడి కూర్చోవాలి. అదే డబ్బుతో ఛానెల్ వారానికి ఆరు రోజులు వచ్చే సీరియల్ నడుపుకోవచ్చు, ఒక చీర చిరిగిన సీన్‌ని నాలుగు రోజులు లాగొచ్చు, ప్రకటనలు ఆరు రెట్లు. స్కిట్టు షోలో అయితే రాసుకునే పని కూడా టీంలదే, ఛానెల్ సెట్టు, లైట్లు, జడ్జిలు చూసుకుంటే చాలు. రాయగలిగిన కుర్రాళ్ళని ఈలోగా వెబ్ సిరీస్‌ల వాళ్ళు, సినిమా వాళ్ళు తీసుకెళ్ళిపోతున్నారు, అక్కడ ఏడాదికి ఎనిమిది ఎపిసోడ్లు రాస్తే సరిపోతుంది, అమృతం బృందం 2001లో మొదలుపెట్టినప్పుడు ఏడాదికి యాభై రాయాల్సి వచ్చేది. ఏ ఛానెల్ అయినా ఆ యాభైకి డబ్బు పెట్టి, మొదటి ఆరు నెలలు రేటింగు కాగితం చూడకుండా ఆదివారం రాత్రి దాన్ని కదపకుండా ఉంచితే వర్కవుట్ అవుతుందేమో, అంత ఓపిక ఉన్న ప్రోగ్రామింగ్ హెడ్ ఉద్యోగం ఆ ఆరు నెలలూ నిలబడితే.